మందు కొట్టేవాడా?

ఆ స్వామి గొడవ టీవీలో పుట్టి, ఫోన్లలో పెరిగి, చివరికి కారెక్కి మా ఊరొచ్చింది. అప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకి కోడిగుడ్లు ఒలిచి పెడుతున్నాను. కారులోంచి ఇద్దరు మగవాళ్ళు దిగారు. ఒకతని భుజాన కెమెరా, రెండో అతని చేతిలో మైకు.

"అమ్మా, స్వామివారి మీద కేసు వేసింది మీరేనా?" అన్నాడు మైకు అతను.

"స్వామి మీద నేనెందుకు వేస్తానయ్యా? పురుగుమందుల కంపెనీ మీద వేశాను. ఆయన అప్పటికింకా స్వామి కాలేదు. ఆ కంపెనీ తరఫు వకీలు" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. గుడ్డు పెంకులు ఎత్తి పారేసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఏడుపొస్తే ఆపుకోకండమ్మా, ఏం పర్లేదు" అని ధైర్యం కూడా చెప్పాడు. ఒళ్ళు మండింది. ఇరవై నాలుగేళ్ళ కిందట ఏడవాల్సిందంతా ఏడ్చేశాను. ఇప్పుడు వీళ్ళ కెమెరా కోసం కొత్తగా ఎక్కణ్ణించి తేను? అయినా చెప్పాను. నేను చెప్పినదాంట్లో ముప్పాతిక భాగం వాళ్ళు కత్తిరించి పారేశారు. అందుకే ఇక్కడ మొత్తం రాసుకుంటున్నాను.

మాది పర్చూరుకి అవతల నల్లరేగడి పల్లె. మా ఆయన కౌలుకి పత్తి వేసేవాడు. ఆ యేడు పచ్చపురుగు విరగబడింది. కొత్త మందు వచ్చింది, దెబ్బకి పురుగు చస్తుందని కంపెనీ వాళ్ళు ఊరూరా జీపులో తిరిగి చెప్పారు. డబ్బా మీద ఏం రాసుందో అంతా ఇంగ్లీషు. మొహానికి తువ్వాలు కట్టుకుని, వీపున స్ప్రేయరు తగిలించుకుని పొద్దున్నే వెళ్ళాడు. ట్యాంకు కారుతున్నట్టుంది. చొక్కా వీపంతా తడిసిపోయిందని తర్వాత చూసినవాళ్ళు చెప్పారు. మధ్యాహ్నం అన్నం పంపిస్తే క్యారేజీ విప్పకుండానే తిరిగొచ్చింది. నేను ఆ రోజు ఊరికి ఆ చివర మిరపచేలో కలుపుకి పోయాను. ఎవరో పరిగెత్తుకొచ్చి చెబితే వచ్చాను. అప్పటికే మంచం మీద పడుకోబెట్టారు. పెద్దాసుపత్రిలో రెండు రోజులున్నాడు, మూడో రోజు పోయాడు. ముప్పై రెండేళ్ళు. మా అమ్మాయికి నాలుగు నిండలేదు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. మా ఆయన చుక్క ముట్టేవాడు కాదు. పెళ్ళిళ్ళలో మగాళ్ళందరూ సందు చూసుకుని పాక వెనక్కి జారుకుంటే, ఈయన పిల్లల పంక్తిలో కూర్చుని పెరుగన్నం తినేవాడు. మా అన్నలు "ఏం బావా, పాలసీసా తెమ్మంటావా" అని ఏడిపించేవాళ్ళు. ఈయన నవ్వేసి ఇంకో గరిటె పెరుగు వేయించుకునేవాడు. టీ కూడా సగం గ్లాసే.

రైతు సంఘం వాళ్ళు కంపెనీ మీద కేసు వేయించారు. మా వకీలు పెద్దాయన, నా దగ్గర ఫీజు తీసుకోలేదు. నన్ను విచారణకి పిలిచిన రోజు ఆయనకి పక్క హాల్లో ఇంకో కేసు పిలుపొచ్చింది. వెళ్తూ వెళ్తూ, "అమ్మా, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు. ఎక్కువ మాట్లాడకు" అన్నాడు. నాది పెద్ద నోరని ఆయనకి అప్పటికే తెలిసిపోయింది. సరే, పెద్దమనిషి చెప్పాడు కదా అని జీవితంలో మొదటిసారి తక్కువ మాట్లాడాను. అదే కొంప ముంచింది.

కంపెనీ వకీలు నల్లకోటులో పొడుగ్గా ఉన్నాడు. గొంతు భలే మెత్తగా ఉంది. సొంత అన్నయ్య యోగక్షేమాలు అడిగినట్టు అడిగాడు.

"ఏమ్మా, మీ ఊళ్ళో సారాకొట్టు ఉందా?"

"ఉందండి."

"మీ ఇంటికి దగ్గరా, దూరమా?"

"మా వీధి చివరేనండి."

ఆయన కాగితాలు తిప్పాడు. నీళ్ళు తాగాడు. సారాకొట్టు సంగతి అయిపోయింది కాబోలు, ఇక పొలం సంగతికొచ్చాడు అనుకున్నాను.

"మీ ఆయన మందు కొట్టేవాడా?"

"కొట్టేవాడండి."

"రోజూనా?"

"సీజన్లో రోజూ అండి. మామూలప్పుడు వారానికోసారి."

"ఆ రోజు కూడా కొట్టాడా?"

"పొద్దున్నుంచీ కొడుతూనే ఉన్నాడండి. అన్నానిక్కూడా రాలేదు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎందుకు నవ్వారో నాకర్థం కాలేదు. జడ్జిగారు నవ్వలేదు. టైపు మిషను ముందున్న ఆవిడకి ఇంగ్లీషులో ఏదో చెప్పారు, ఆవిడ టకటకా కొట్టేసింది. సంతకం పెట్టమన్నచోట పెట్టాను. ఇంతేనా, నేనింకా ఎంతో అనుకున్నాను అని సంబరపడ్డాను కూడా.

మా వకీలు రొప్పుకుంటూ వచ్చేసరికి నేను బోను దిగి చెప్పులేసుకుంటున్నాను. "ఏమడిగాడమ్మా?" అన్నాడు.

"మందు కొట్టేవాడా అని అడిగాడండి. అవునన్నాను."

"మంచిది, మంచిది" అన్నాడాయన. ఆయనా పొలాల మనిషే మరి.

మా వైపు మందు కొట్టడమంటే పురుగుకి కొట్టడమే. "గాలి ఎదురు తిరిగింది, ఇవాళ మందు కొట్టొద్దు" అంటాం. "ఎదురుచేలో మందు కొడుతున్నారు, పిల్లల్ని అటు పోనీకండి" అంటాం. పట్నంలో ఆ మాటకి ఇంకో అర్థం ఉందని నాకు మాత్రం తెలియదా? తెలుసు. కానీ మొగుడు పత్తిచేలో చచ్చిపోయి, కోర్టులో నిలబడి, మందు అనే మాట వింటే ఎవరికైనా ఏది ముందు గుర్తొస్తుంది?

కొన్ని నెలలకి తీర్పొచ్చింది. మా వకీలు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, నీ భర్త రోజూ సారా తాగేవాడని, ఆ రోజు పొద్దున్నుంచీ తాగుతూనే ఉన్నాడని, ఆ మత్తులో ఒళ్ళు తెలియక మందు మీద పోసుకున్నాడని రాశారు. నువ్వే ఒప్పుకున్నావని రాశారు" అన్నాడు. ఆసుపత్రి కాగితాల్లో సారా ఊసే లేదు, అయినా కట్టుకున్న పెళ్ళామే చెప్పిందిగా అన్నారట. పైకోర్టుకి వెళ్దామన్నాడు పాపం. ఆర్నెల్లు తిరక్కుండా ఆయనకి పక్షవాతం వచ్చింది. నాకు పిల్లని పెంచుకునే పని పడింది. అంగన్‌వాడీలో ఉద్యోగం దొరికితే చేరిపోయాను.

ఊరు మొదట్లో ఆ తీర్పు విని నవ్వింది. "వాడేంటి, తాగడమేంటి? గేదె గుడ్డు పెట్టిందని రాయమను, అదీ రాస్తారు" అన్నారు. ఆ అన్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. మిగిలినవాళ్ళు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. మా అన్నలిద్దరూ పోయారు. మా ఆయన తాగడని తెలిసిన మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోయి, ఆఖరికి నేనూ ఆ కాగితమూ మిగిలాం. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ముద్ర ఉంటుంది. నాకేముంది?

ఇంటర్లో చేరేటప్పుడు మా అమ్మాయి సర్టిఫికెట్ల కోసం పెట్టె తీసి, ఆ కాగితం చదివింది. వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, నాన్న తాగేవాడా?"

"తాగడమేంటే? టీయే సగం గ్లాసు తాగేవాడు."

"మరి నువ్వే చెప్పావని రాశారుగా?"

నేను పొయ్యి కట్టేసి మొత్తం చెప్పాను. కోర్టు, సారాకొట్టు, ఆ ప్రశ్న, నా జవాబు, అన్నీ. వింది. చివరికి "సరేలే అమ్మా" అంది. పోట్లాడినా బాగుండేది. తాగుబోతు పెళ్ళాలు మొగుళ్ళని ఎలా వెనకేసుకొస్తారో అది ఊళ్ళో చూస్తూనే ఉంది కదా, నన్నూ ఆ జట్టులో వేసేసింది. ఆ తర్వాత మా ఇంట్లో వాళ్ళ నాన్న మాట నేనెత్తితే తప్ప అది ఎత్తలేదు.

ఇందులో నాకు దాని మీద కోపం లేదు. కోపమంతా నా నోటి మీదే. కొట్టేవాడండి అన్న ఆ ఒక్క ముక్కకి ముందు పత్తికి అని ఒక్క మాట చేర్చి ఉంటే పోయేది కదా. ఊరందరితో వాగేదాన్ని, అక్కడ మూడు అక్షరాలు కరువయ్యాయా? వంట చేస్తూ అనుకునేదాన్ని, ఒక్కదాన్నే అన్నం తింటూ అనుకునేదాన్ని. వకీలుని తిట్టుకోలేదు. పట్నం మనిషి, నల్లకోటు వేసుకున్నవాడు, పొలం మాట అతనికేం తెలుసు, తనకి తెలిసిన అర్థంలో అడిగాడు, నేను నాకు తెలిసిన అర్థంలో చెప్పాను అనుకున్నాను. అలా అనుకుంటే తప్పంతా నాదే అవుతుంది, అయినా అలాగే అనుకున్నాను.

మా అమ్మాయి చదువుకుని నరసరావుపేటలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరైంది. అక్కడే పెళ్ళి చేసుకుంది, అల్లుడు మంచివాడే. నాలుగేళ్ళ కిందట ఒకసారి వస్తూ క్యాలెండరు తెచ్చింది. కాషాయం కట్టుకుని, తెల్లగడ్డంతో ఎవరో స్వామి. వినుకొండ వైపు గుట్ట కింద ఆశ్రమమట. దేశమంతా భక్తులట.

"స్వామి మాటలు వింటుంటే నాకెంత మనశ్శాంతో చెప్పలేనమ్మా" అంది. "నీకో మాట చెప్పనా? నాన్నని నేను క్షమించేశాను. మనల్ని అన్యాయం చేసి పోయినవాళ్ళ మీద పగ పెట్టుకోకూడదని స్వామి చెప్పారు. ఆ రోజు నేనెంత ఏడ్చానో. ఇప్పుడు రోజూ నాన్నకి దణ్ణం పెట్టుకుంటున్నాను."

"ఏం చేశాడని క్షమిస్తావే మీ నాన్నని?" అన్నాను.

అది నా చెయ్యి పట్టుకుని, ఫోనులో స్వామి ప్రవచనం పెట్టింది. రెండు మాటలకే గుర్తుపట్టాను. గడ్డం మొహాన్ని దాస్తుంది గాని గొంతుని దాచదు. అదే మెత్తదనం. "ఏమ్మా, మీ ఆయన..." అని అడిగిన గొంతు.

చెప్పలేదు. ఎలా చెప్తాను? ఎనిమిదేళ్ళ తర్వాత నా కూతురు వాళ్ళ నాన్న పేరు నోరారా ఎత్తింది. తాగుబోతనుకునే ఎత్తింది, పోనీ, ఎత్తింది కదా. నేను ఆ గొంతు ఎవరిదో చెబితే అదీ పోతుంది. గోడకి మేకు కొట్టి క్యాలెండరు తగిలించి, అది వెళ్ళాక తిప్పి పెట్టుకున్నాను. మళ్ళీ వస్తుందనగా సరిగ్గా పెట్టేదాన్ని. నాలుగేళ్ళు ఇలాగే నడిచింది.

ఆ తర్వాత ఎవరో యూట్యూబులో బయటపెట్టారు. ఈ స్వామి ఒకప్పుడు విషం కంపెనీకి వకీలట, మందు కొట్టి చచ్చిపోయినవాళ్ళ పెళ్ళాం పిల్లలకి పైసా రాకుండా చేశాడట అని. ఇక చూడాలి. టీవీల్లో నలుగురేసి కూర్చుని అరుచుకున్నారు. "ధర్మం చెప్పే నోటితో ఆ వాదనలు చేశాడా" అని ఒకళ్ళు. "డాక్టరు దొంగకి కుట్లు వెయ్యడా? వకీలూ అంతే, అది వృత్తిధర్మం" అని ఒకళ్ళు. "అవన్నీ వదిలేసుకునే కదా సన్యాసం తీసుకున్నాడు" అని ఇంకొకళ్ళు. ఒక్కరికీ మందు అంటే ఏమిటో గొడవ లేదు.

మా అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, మన కేసులో వకీలు స్వామేనా?"

"అవును."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"చూశావా, అయినా నువ్వు ఒక్క మాట అనలేదు. నువ్వూ క్షమించేశావన్నమాట" అంది. దాని గొంతులో ఎంత సంతోషమో! అదిగో, అలాంటప్పుడు ఆ కారొచ్చింది.

వాళ్ళకి గంటసేపు చెప్పాను. మందు కొట్టడం అంటే ఏమిటో పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. మైకు అతను తెగ తల ఊపాడు. రెండో రోజు వీడియో వచ్చింది. పైన ఎర్రక్షరాలతో: "తాగుబోతు భర్త... ఒంటరి భార్య... స్వామి అసలు రంగు!" నేను "మా ఆయన తాగేవాడు కాదు" అన్న ముక్క లేదు. "పొద్దున్నుంచీ కొడుతూనే ఉన్నాడు" అన్న ముక్క మాత్రం ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. అవతల పక్షం వాళ్ళు రాయించిన తీర్పునే, నా పక్షం వాళ్ళమని వచ్చినవాళ్ళు ఊరంతా చదివి వినిపించారు.

మా అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. ఈసారి సంతోషం లేదు. "నాన్న సంగతి లోకమంతా చెప్పాలా అమ్మా? మా బళ్ళో అందరూ చూశారు. ఆయన పోయాడు, నేను మర్చిపోయాను, నువ్వెందుకు తవ్వుతున్నావు?" అంది. నేను నోరు తెరిచేలోపే పెట్టేసింది. ఆ పూట అన్నం సహించలేదు. ఎవరితో చెప్పుకోను? పక్కింటివాళ్ళు మిరపకాయ కోతలకి పోయారు. వీధంతా తాళాలే.

ఇంకో వారానికి, అంగన్‌వాడీలో మా ఆయా పప్పు కలుపుతూ ఫోనులో ఏదో వింటోంది. ఆ గొంతే. ఆపెయ్యమందామని నోరు తెరిచాను. ఇంతలో ఆయన అంటున్నాడు: "మా నాన్నకి నాలుగెకరాల పత్తి. నేను చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మందు కొట్టేవాణ్ణి." జనం గొల్లున నవ్వారు. "అదిగో, నవ్వుతున్నారు! మీరంతా పట్నం వాళ్ళు. పల్లెలో మందు కొట్టడమంటే పురుగుకి కొట్టడం నాయనా, మనం కొట్టడం కాదు!" మళ్ళీ నవ్వులు.

"మళ్ళీ పెట్టవే అది" అన్నాను ఆయాతో.

మూడుసార్లు విన్నాను. పత్తిచేలో పుట్టినవాడు. వీపున డబ్బా మోసినవాడు. సారాకొట్టు మాట ముందు అడిగి, నీళ్ళు తాగి, అప్పుడు ఆ ప్రశ్న అడిగాడు. నేను ఏమని జవాబు చెబుతానో, అది ఏమని రాసుకుంటారో, రెండూ తెలిసే అడిగాడు. ఇరవై నాలుగేళ్ళుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను, ఈ మనిషి దాన్ని హాస్యానికి చెప్పుకుంటున్నాడు! పిల్లల ముందు బూతు రాకూడదని పెరట్లోకి వెళ్ళి తిట్టాను. కసి తీరా తిట్టాను.

తర్వాత అమ్మాయికి ఫోను చేసి, "నన్ను మీ స్వామి దగ్గరికి తీసుకెళ్ళవే" అన్నాను. అది ఎగిరి గంతేసింది. ఎందుకని అడగలేదు. నాకు కావలసింది ఒక్కటే. డబ్బు కాదు, ఆయన పరువు తియ్యడమూ కాదు. మా ఆయన తాగేవాడు కాదని ఆ మనిషి నోటితో, నా కూతురు వినేలా చెప్పాలి. నా మాట అది నమ్మదు. ఆయన మాట నమ్ముతుంది.

ఆదివారం పొద్దున ఇద్దరం బస్సులో వెళ్ళాం. అది నా కోసం పూలూ పళ్ళూ కొంది. నా చెంగు సర్ది, "కంగారు పడకమ్మా, స్వామి చాలా చల్లటి మనిషి" అంది. పెద్ద హాలు, వెయ్యిమంది దాకా ఉన్నారు. టీవీ గొడవ తర్వాత జనం తగ్గుతారనుకున్నాను, ఇంకా పెరిగారట. వరుసలో గంటన్నర నిలబడ్డాం. దగ్గరికి వెళ్ళేసరికి అమ్మాయి పూలూ పళ్ళూ నా చేతిలో పెట్టింది.

ఆయన ముసలివాడయ్యాడు. మోకాళ్ళ మీద శాలువా. "ఏమ్మా" అన్నాడు. అచ్చం అదే "ఏమ్మా".

"స్వామీ, నాకొక మాటకి అర్థం చెప్పాలి."

"అడుగు తల్లీ."

"పర్చూరు వైపు పత్తిచేల ఆడమనిషిని మీ ఆయన మందు కొట్టేవాడా అని అడిగితే, ఆవిడ కొట్టేవాడండి అంటే, ఏమని అర్థం?"

పళ్ళు అందుకోబోతున్న చెయ్యి ఆగిపోయింది. పక్కనున్న శిష్యుడు "పదండమ్మా, వెనకాల జనం ఉన్నారు" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన వద్దని సైగ చేశాడు.

"నీది ఏ ఊరు?"

చెప్పాను.

చాలాసేపు నా మొహం చూశాడు. నేనూ రెప్ప వెయ్యకుండా చూశాను. ఇదిగో, ఇప్పుడు తెలియదంటాడు, మర్చిపోయానంటాడు, పూర్వాశ్రమం మాటలు ఎత్తకూడదంటాడు అనుకున్నాను. ఏది అన్నా బదులు చెప్పడానికి ఇంటి దగ్గరే మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన "మైకు ఇవ్వండి" అన్నాడు.

"ఈ తల్లిని నేను ఒకప్పుడు కోర్టులో ఒక ప్రశ్న అడిగాను" అన్నాడు మైకులో. హాలంతా సద్దుమణిగింది. "అందులో మోసం ఉందని తెలిసే అడిగాను. ముందురోజే రాసుకుని వెళ్ళాను. ఆవిడ నిజం చెప్పింది, నేను దాన్ని అబద్ధం చేశాను. ఆవిడ భర్త తాగేవాడు కాదు. కష్టజీవి. చేలో మందు కొడుతూ చచ్చిపోయాడు. నేను ఆయన్ని తాగుబోతుని చేసి గెలిచాను. అది వృత్తిధర్మమని మీరంటున్నారు. కాదు. అది పాపం." నా వైపు తిరిగి చేతులు జోడించాడు.

ఆయన నటించాడని నేననను. నాకు కావలసిన మాట, నాకు కావలసినంత గట్టిగా, మైకులో చెప్పాడు. నాకు ఒక్కసారి గుండె తేలికైపోయింది. ఉన్నపళాన మా ఆయన పక్కన వచ్చి నిలబడ్డట్టనిపించింది. గబుక్కున అమ్మాయి వైపు చూశాను. దాని కళ్ళ వెంట ధారగా నీళ్ళు. విన్నది, అర్థమైంది అనుకున్నాను. ఇంతలో హాల్లో ఎవరో జేజేలు కొట్టారు. ఒకరి వెనక ఒకరు లేచారు. ఆడవాళ్ళు ఏడుస్తూ ఆయన కాళ్ళ మీద పడ్డారు. ఒకావిడ నా గడ్డం పట్టుకుని, "ఎంత అదృష్టవంతురాలివమ్మా! నీ కోసం స్వామి ఎంత మాట అనుకున్నారు" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది మా అమ్మాయి. ఊరు దాటాక నేనే ఉండబట్టలేక, "విన్నావుగా?" అన్నాను.

"విన్నానమ్మా. ఎవరు చేస్తారు చెప్పు అలాగ? అంతటి మనిషి, వెయ్యిమంది ముందు, ఎవరి పాపమో తన నెత్తిన వేసుకున్నారు."

"ఎవరి పాపమో ఏంటే? ఆయన పాపమే. ఆయన నిజం చెప్పాడు. మీ నాన్న తాగేవాడు కాదని చెప్పాడు."

"చెప్పారమ్మా. నీ కోసం చెప్పారు."

దాని మొహంలో ఎకసెక్కెం లేదు. ప్రేమే ఉంది.

"నేనిది నీకెప్పుడూ చెప్పలేదు" అంది. "ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు, మిరపచేలో ఉన్నావు. నేను అరుగు మీద ఆడుకుంటున్నాను. నాన్న తూలుకుంటూ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో అన్నాడు, మాట ముద్దముద్దగా వచ్చింది. ఒకటే కంపు. నన్ను ఎత్తుకోబోయి పడేశాడు. నువ్వు చెప్పే నాన్న నాకు తెలియడమ్మా. మా నాన్న గురించి నాకు గుర్తున్నది అదొక్కటే."

ఇరవై నాలుగేళ్ళలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. కూతుర్ని ఎత్తుకోబోయాడట. నిలబడే ఓపిక లేనివాడు ఎత్తుకోబోయాడట. ఏడుపు తన్నుకొచ్చింది.

"మందే అది! మందు వల్లే తూలాడు మీ నాన్న!" అని అరిచాను. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"నెమ్మదమ్మా" అంది నా చెయ్యి నిమురుతూ. "నేనూ అదేగా అంటున్నది."

పురుగుమందే, పత్తిమందు, ఒంట్లోకి దిగితే కాళ్ళు నిలవవు, నాలుక తిరగదు, చొక్కా కంపు కొడుతుంది అని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. జ్వరంలో ఉన్నవాళ్ళ మాట విన్నట్టు ఊఁ, ఊఁ అంటూ వింది. తర్వాత నా తల తన భుజానికి ఆనించుకుని, "అలిసిపోయావు, కాసేపు పడుకో" అంది. నాకు నిద్రెక్కడిది? అయినా దాని కోసం కళ్ళు మూసుకున్నాను.